తేలు గుర్తు కారు



మీ ఇంటి పిల్లవాడు తన చిన్న కారునకు నలుబదివేల రూపాయలు పోసి కొత్త పొగగొట్టము వేయించుకొని, ఊరంతయు అదరునట్లు అర్ధరాత్రమున మీ వాకిట దిగెననుకొనుడు. మీరేమందురు? నేనేమంటినో, అనిన తరువాత నేమి జరిగినదో, అటుపై నేనేమి తెలిసికొంటినో ఈ పదునైదు నిమిషములలో మనవి చేసెదను. ముప్పదినాలుగేండ్లు బాలురకు వ్యాకరణమును కావ్యములను చెప్పి విశ్రాంతి గొన్నవాడను. ఇంజనుల గొడవ ఈ పంతులున కేల యని మీరనవచ్చును. మొదట నాకును అట్లే తోచినది.

మా రెండవవాడు హైదరాబాదులో ఉద్యోగి. మూడేండ్ల క్రిందట ఒకరు వాడి అమ్మిన కారు నొకదానిని కొనెను. దాని పేరు అబార్త్ పుంటో. ఫియట్ కంపెనీవారు 2015వ సంవత్సరములో దానిని మన దేశమున విడుదల చేసిరి. పూనా సమీపమునగల రంజన్‌గావ్ కర్మాగారములో తయారైనది. చూచుటకు చిన్నదే. ఇంజను 1,368 సీసీలు, బలము మాత్రము 145 అశ్వశక్తి. తరువాత ఆ కంపెనీవారు మన దేశమున కార్లమ్ముట మానుకొనిరి గాన, ఉన్న కార్ల మీద ఎఱిగినవారికి మక్కువ ఎక్కువ. దాని ముక్కుమీద తేలుబొమ్మ యున్నది. “వినాయకుని బొమ్మ యుండవలసిన చోట తేలేమిరా?” యని నేనడుగగా వాడు నవ్వి యూరకుండెను.

గడచిన మాఘమాసమున ఒక రాత్రి వాడు హైదరాబాదునుండి వచ్చెను. పండ్రెండు దాటినది. ఆ కారు వీధి మొదట నుండగనే మా పెంకులు గలగలలాడినవి. కుక్కలన్నియు లేచినవి. ఎదురింట పదునొకండు దినముల పసిబిడ్డతో బాలింత యున్నది. ఆ బిడ్డ లేచి తెల్లవారుదాక ఏడ్చినది. మఱునాడు ఆ ఇంటి పెద్దావిడ నన్నొక్క మాటయు ననలేదు. వీధివైపు కిటికీ తలుపు మూసికొనినది, అంతే. నలుబదియేండ్ల ఇరుగుపొరుగు మాది. ఆమె నాలుగు మాటలనిన నేను సహించియుందును.

ఆ కోపమంతయు మావానిమీద చూపితిని. “బలము చాలక అరపు కొని తెచ్చుకొంటివా?” అంటిని. “అది అరపు కాదు నాన్నగారూ. దానికొక శాస్త్రమున్నది. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనవలెనని మాకు చెప్పినది మీరే” అని వాడనెను. ఆ మాటకు నా కోపము ఇబ్బడియైనది. వాడు వడ్డించిన విస్తరి ముందు కూర్చుండకయే బయలుదేరిపోయెను. రెండు నెలలు ఫోను లేదు. వాని తల్లి నాతో అవసరమునకు మించి మాటలాడుట మానినది.

విజయవాడ ఆటోనగరులో నా పూర్వశిష్యుడొకడు కార్లు బాగుచేయు షెడ్డు నడుపుచున్నాడు. బడిలో సంధులు వానికెన్నడును పట్టుపడలేదు. ఇంజను సంధులు మాత్రము కంఠస్థము. చైత్రమున పనిమీద విజయవాడ పోయి, వాని షెడ్డులో స్టూలుపై ఒక పూటంతయు కూర్చుంటిని.

“మాస్టారూ, పొలములో ఆయిలింజను చూచినారు గదా” యని మొదలుపెట్టెను. ఆ ఇంజను పొగగొట్టముపై చిన్న రేకుమూత యుండును. అది ఊరక తెరచుకొని యుండదు, టపటప కొట్టుకొనుచుండును. అనగా పొగ ధారగా రాదు, దెబ్బదెబ్బగా వచ్చును. సిలిండరులో ఇంధనము మండి, వందల డిగ్రీల వేడితోనున్న వాయువు వాల్వు తెరచినంతనే తటాలున గొట్టములో పడును. ఆ దెబ్బయే మనము విను ధ్వని. లోని పొగ పూర్తిగ పోయిననే క్రొత్తగాలికి చోటు. మన పొయ్యికిని పొగ పోవు దారి లేనిచో ఎంత ఊదినను మంట లేవదు గదా.

ఇంతవరకు సులభమే. దీని తరువాతిది నన్నాశ్చర్యపఱచినది. ఆ దెబ్బ గొట్టము చివరకు పోయి, బయటిగాలిని తాకి, అక్కడనుండి ఒక పీడన తరంగముగా వెనుకకు మఱలును. అయితే వెనుకకు వచ్చునది త్రోయుదెబ్బ కాదు, పీల్చుదెబ్బ. వాల్వు మూసికొనకమునుపే అది సిలిండరు దగ్గరకు చేరెనా, మిగిలిన పొగను సయితము పీల్చివేయును. ఆలస్యముగ చేరెనా, ప్రయోజనము లేదు. కాబట్టి గొట్టము పొడవు సన్నాయి పొడవువంటిది. ఇంత పొడవునకు ఇంత స్వరమన్నట్లు, ఇంత పొడవునకు ఇంత వేగమని లెక్క. వెడల్పునకును లెక్కయే. మరీ ఇరుకైనచో పొగ తన్నుకొనును; మరీ వెడల్పైనచో వాయువేగము పడిపోయి, తక్కువ చుట్లలో ఇంజను నీరసించును. “లావు గొట్టమే మేలని కుర్రవాండ్రనుకొందురు, సగమునకు సగము అక్కడనే పాడగును” అని వాడనెను.

సైలెన్సరులు ముఖ్యముగ రెండు తెరగులు. ఒకదానిలో అడ్డగోడలు, అరలు ఉండును. పొగ మెలికలు తిరిగి తిరిగి శాంతించి వెలువడును. చప్పుడు బాగుగ అణగును గాని దారి కష్టము. రెండవదానిలో చిల్లుల గొట్టము తిన్నగ పోవును. దానిచుట్టు గాజుదూది వంటి దానిని కూరుదురు. దారి సులభము, ధ్వనిలో కొంత దూది మ్రింగును.

మావాని కారులో మఱియొక విశేషమున్నది. దానికి టర్బో కలదు. బయటికి పోవు పొగయే ఒక చిన్న చక్రమును నిమిషమునకు లక్షకు పైబడిన చుట్లు త్రిప్పును. ఆ చక్రము రెండవ చక్రమును త్రిప్పి ఇంజనులోనికి గాలి కుక్కును. ఇట్టి కారులో చక్రము దాటిన పిమ్మట దారి ఎంత సుగమమైన అంత మేలు. సన్నాయి లెక్క అక్కడ పెద్దగ పనిచేయదు. ఇది వినినప్పుడు నాకు తలవంపైనది. మావాడు చెప్పినదానిలో సగము నిజమేనన్నమాట.

తక్కిన సగము శిష్యుడే చెప్పెను. ఆ గొట్టము వేసినవారు, పేరేల గాని, నడుమనున్న సైలెన్సరును, విషవాయువులను శుద్ధిచేయు కాటలిటిక్ కన్వర్టరును కూడ కోసి పారవేసిరట. ఇట్టి కారులో ఎంత పెట్రోలు పోయవలెనో కంప్యూటరు నిర్ణయించును. పొగలోని ప్రాణవాయువును కొలుచు సాధనము దానికి కన్ను. గొట్టము మార్చి ఆ లెక్కను మార్చనిచో, రావలసిన బలములో చాలభాగము రానేరాదు. ధ్వని మాత్రము మొదటి దినమే వచ్చును. “బలము పెరిగినదో లేదో కొలిపించినాడా, మాస్టారూ?” యని వాడడిగెను. చక్రములను ఉరుళ్లపై నిలిపి బలము కొలుచు యంత్రము లున్నవట. నేను ఎఱుగనంటిని.

ఆ పూటనే తేలుకథయు వింటిని. ఇంటికి వచ్చి మా మనుమరాలిచే మిగిలినది చదివించుకొంటిని. కార్లో అబార్త్ అను నతడు 1908 నవంబరు 15న వియన్నా నగరమున జన్మించెను. పాశ్చాత్యుల లెక్కకు వృశ్చికరాశి, అందుకే తేలు. మన నిరయన లెక్కకు ఆ దినము సరిగ్గ తులా వృశ్చికముల సంధి. జ్యోతిష్కుని పిలిచియుండిన త్రాసుబొమ్మ పెట్టవలసివచ్చునో యేమో! యౌవనమున మోటారుసైకిలు పందెగాడు. 1949లో ఇటలీ దేశమున స్వంత కంపెనీ పెట్టెను. అది ట్యూరిను నగరమున స్థిరపడినది. పందెములకు ధనము కావలెను గదా. సామాన్యుల చిన్న కార్లకు సరిపడు సైలెన్సరులను చేసి అమ్మి, ఆ రాబడితో పందెపు కార్లను కట్టెను. మా వీధిని లేపిన గొట్టమునకు తాతముత్తాత అతని షెడ్డులో పుట్టినదే.

1957లో ఫియట్‌వారు ఐదువందల నంబరు బుల్లికారును తెచ్చిరి. వెనుకవైపు రెండు సిలిండరుల ఇంజను, 479 సీసీలు, పదుమూడు అశ్వశక్తి. మన పొలముల ఇంజనుకంటె ఏమంత ఎక్కువ? దానినే అబార్త్ సవరించి, 1958 ఫిబ్రవరిలో మోంజా మైదానమున ఏడు దినములు, రాత్రింబవళ్లు పరుగెత్తించెను. 168 గంటలలో 18,186 కిలోమీటర్లు. సగటున గంటకు 108. ఏడు దినములు ఆగక పరుగెత్తుట గొట్టమొక్కటి మార్చిన జరుగు పనియా? 1963లో 595 అను కారును అమ్మకమునకు పెట్టెను. అందు సిలిండరుల వెడల్పు పెంచెను, పిస్టనులు మార్చెను, వాల్వులను నడుపు క్యామ్‌షాఫ్టు మార్చెను, కార్బురేటరు మార్చెను, వీనికి తగిన పొగగొట్టము చివర చేర్చెను. బలము ఇరువదియేడైనది. మార్చవలసిన సామానులన్నిటిని ఒక కఱ్ఱపెట్టెలో సర్ది అమ్మెడివారట. కొన్నవాడు ఊరి మెకానిక్కుచే బిగించుకొనెడివాడు. ఆ పెట్టెలో పొగగొట్టము ఒక సామాను మాత్రమే.

ఇంకొక ముచ్చట. 1965లో ఏబదియేడేండ్లు నిండనుండగా తానే రికార్డు పరుగునకు కూర్చుండదలచెను. ఇరుకు కారులో దేహము పట్టలేదు. ఆపిలుపండ్లు తినుచు ముప్పది కిలోలు తగ్గి, పట్టించుకొని, రికార్డు సాధించెను. బరువు తగ్గించుటకు గొట్టమక్కరలేదు, కంప్యూటరక్కరలేదు. ఇది మాత్రము మావానికి తప్పక చెప్పవలెననుకొంటిని. వానికిని పొట్ట వచ్చుచున్నది. 1971లో కంపెనీని ఫియట్‌వారికి అమ్మివేసి, 1979లో అబార్త్ కాలము చేసెను.

చట్టము మాట క్లుప్తముగ చెప్పెదను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు ఇచ్చిన స్వరూపమును మన ఇష్టము వచ్చినట్లు మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టువారును దీనినే నొక్కి చెప్పిరి. ఆ యేడే చట్టమును సవరించి, చెల్లని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయలు గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చుననిరి. ధ్వని, పొగ నియమములను మీరి నడిపినవానికి మొదటిసారి పదివేల వరకు జుల్మానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు నిలుపుదల.

ఆ రాత్రి నేనే ఫోను చేసితిని. “ఒరే, నీవన్న శాస్త్రమున్నమాట నిజమే. ఆటోనగరులో చెప్పించుకొని వచ్చితిని” అంటిని. కొంతసేపు మాట లేదు. తరువాత వాడు, “ఎదురింటి పాప ఎట్లున్నది?” యని అడిగెను. కొలిపించినావా యని నేనడిగితిని. లేదనెను. పది దినములకు కొలిపించి తానే చెప్పెను: పెరిగినది స్వల్పము, అదియును రోడ్డుమీద ఎన్నడును పోనంత చుట్లలో మాత్రమే. కన్వర్టరును, సైలెన్సరును మఱల పెట్టించుకొనెను. ఆ గొట్టమిప్పుడు మా కొట్టములో నున్నది. మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో పందెముల మైదానమున్నది, ఎప్పుడైన అక్కడికి పోవునాటికి కావలెననుచున్నాడు. పోనిమ్మంటిని, అది అందుకు తగిన చోటే.

శ్రావణమున ఎదురింటి బిడ్డకు అన్నప్రాశనము. ఇంటిల్లిపాదిని పిలిచిరి. మావాడు ముందురాత్రి వచ్చి, కారును చెరువుగట్టున నిలిపి, సంచి భుజాన వేసికొని నడచి వచ్చెను. చప్పుడు పోయినది గదా, ఇంటిదాక తేకపోతివేమని అడిగితిని. “పెద్దావిడకు తెలియదు గదా నాన్నగారూ” అని కాళ్లు కడుగుకొనబోయెను.