ప్రజయు, పౌరుడును

పెద్దలారా! మన పల్లెలనుండి ఇంగ్లండునకేగి అచ్చట పౌరులు కాగోరు యువకులు ఒక పరీక్ష వ్రాయవలెను. 45 నిమిషములలో 24 ప్రశ్నలు. అందు 18 ఒప్పుకావలెను. 1215లో ప్రభువులు జాన్ రాజుచేత ఒప్పించిన మాగ్నా కార్టాను గూర్చియు, 1918లో కొందఱు స్త్రీలకును, 1928లో పురుషులతో సమముగను వచ్చిన ఓటును గూర్చియు వారు చదువుదురు. రాజుగారి ప్రజలు క్రమముగా పౌరులైన కథ యది.

అట్టి కథ మనకును గలదు. 1941లో నైజాము ఏలుబడిలో ఈ చిలుకూరనే రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతను ఆంధ్ర మహాసభ జరిగెను. 1950లో మన రాజ్యాంగము వయోజనులైన స్త్రీపురుషుల కెల్ల ఒక్కమాఱే ఓటు నొసగెను.

అచ్చటి పౌరసత్వము గైకొన్ననాడు ఇచ్చటిది పోవును. రెండును నిలుపుకొనుటకు మన చట్టము సమ్మతింపదు. కావున పరీక్షకు చదువుచున్న మనుమనికి మన కథయు జెప్పుడని నా మనవి. విడుచున దేదో యెఱిగి విడుచుట మేలు.