నర్సమ్మ నోటిమాట

చీరాల, పేరాల, జాండ్రపేట వీధులలో ఉదయపు వేళ నడిచేవారికి ఇప్పటికీ గుంట మగ్గం చప్పుడు వినవస్తుంది. ఇంటి యజమాని గుంటలో దిగి నేస్తూ ఉంటే ఇల్లాలు రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. ఎదిగిన ఆడపిల్ల ఉంటే, బడిగంట కొట్టేలోపల తానూ నాలుగు కండెలు చుట్టి వెళుతుంది. అటువంటి ఒక ఇంటి అరుగుమీద కూర్చుని ఒక తల్లితో నేను మాట్లాడిన మాటలే నేటి ఈ ప్రసంగానికి మూలం.

చేనేత కుటుంబాల ఆరోగ్యాన్ని గురించి ఒక కార్యక్రమం రికార్డు చేయడానికి వెళ్లి ఉన్నాను. మాటల మధ్యలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా ఆడపిల్లలకు వేసే టీకా ప్రస్తావన వచ్చినది. ఆ తల్లి రాట్నం ఆపి ఇట్లా అన్నది: “పాపకు పదేళ్లు నిండగానే ధనుర్వాతం సూది వేయించాను అన్నయ్యగారూ. ఆ రోజున గాని, ఆ తరువాత గాని నర్సమ్మ ఈ మాట నాతో అనలేదు. అంత అవసరమైనదే అయితే అనదా అండీ?”

ఆ ప్రశ్నకు నా వద్ద వెంటనే సమాధానం లేకపోయినది. నర్సమ్మ చెప్పకపోవడాన్ని ఆ తల్లి మరపు అనుకోలేదు. ‘చెప్పలేదు గనుక అక్కరలేదు’ అని అర్థం చేసుకున్నది. వైద్యం తెలిసినవారి మౌనాన్ని కూడా మన ఇండ్లలో సలహాగానే స్వీకరిస్తారు.

జబ్బును గురించి క్లుప్తంగా చెబుతాను. మన పెద్దలు క్యాన్సరును రాచపుండు అనేవారు. ఆ పేరు గట్టిగా పలకడానికి కూడా జంకేవారు. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే ఈ క్యాన్సరుకు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే సూక్ష్మక్రిమి; హెచ్.పి.వి. అని దాని పొట్టిపేరు. ఈ సంబంధాన్ని కనిపెట్టినందుకు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 2008లో నోబెల్ బహుమానం పొందారు. ఈ వైరస్‌లో 200కు పైగా రకాలు ఉన్నా, 16, 18 అనే రెండు రకాలే నూటికి 70 కేసులకు కారణం. దాంపత్య జీవితం మొదలైన తరువాత ఇది చాలామంది శరీరాలలో ప్రవేశిస్తుంది. అత్యధికులలో ఒకటి రెండు సంవత్సరాలలో తనంతట తానే పోతుంది. పోకుండా పాతుకొన్న కొద్దిమందిలో, సాధారణంగా 15, 20 సంవత్సరాల తరువాత క్యాన్సరుగా మారుతుంది. 2022లో మన దేశంలో 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా వచ్చినదనీ, దాదాపు 80,000 మంది మరణించారనీ అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ అంచనా.

వైరస్ ప్రవేశించకముందే వేయవలసిన టీకా గనుక దీనికి 9 నుండి 14 సంవత్సరాల వయస్సును నిర్ణయించారు. దాని ఫలం ఆ పిల్ల తానే తల్లియై, బిడ్డలను బడికి పంపే వయస్సులో గాని తెలియదు. స్వీడన్ దేశపు లెక్కలు 2020లో వెలువడినవి: 17 ఏళ్లు నిండకముందు టీకా పొందినవారిలో ఈ క్యాన్సరు నూటికి 88 వంతులు తగ్గినది.

ఇక ఖమ్మం సంగతి చెప్పక తప్పదు. 2009 జులైలో, అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు 14,000 మంది బాలికలకు ఈ టీకా వేయడం ఆరంభించారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. గుజరాత్‌లోని వడోదర ప్రాంతంలోనూ ఇటువంటి ప్రయత్నమే జరిగినది. టీకా పొందిన బాలికలలో రెండు రాష్ట్రాలలోనూ కలిపి ఏడుగురు మరణించారు. ఆందోళన చెలరేగినది, 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని నిలిపివేసినది.

విచారణ జరిపిన సంఘం ఆ మరణాలకు టీకా కారణమని తేల్చలేదు; నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, జ్వరాలు వంటి వేరు కారణాలు కనిపించినవి. కాని అనుమతి తీసుకొన్న పద్ధతిలో మాత్రం లోపాలు బయటపడినవి. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉన్నది: పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 2,763 పత్రాలమీద సంతకం చేసినది వసతిగృహాల వార్డెన్లు. బిడ్డ తన హాస్టలులో ఉండగా ఏ సూది వేశారో, ఎందుకు వేశారో తెలియని తల్లికి, తరువాత ఏ సంఘం ఏ నివేదిక ఇచ్చినా ఎట్లా నమ్మకం కలుగుతుంది? ఆ భయం నూతిలో రాయి వలె చాలా కాలం అడుగున పడి ఉన్నది. ఇప్పటికీ టీకా పేరు ఎత్తగానే, ‘ఖమ్మంలో పిల్లలు పోయారట గదా’ అనే మాట చీరాల బజారులో వినవస్తుంది.

దీనిలో ఒక విచిత్రం కూడా ఉన్నది. అదే కాలంలో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ మన దేశంలో మరొక పరిశోధన జరుపుతూ ఉండెను. రెండు మోతాదులు చాలునా, మూడు కావలెనా అని తేల్చడం దాని ఉద్దేశ్యం. 2010 ఏప్రిల్ ఆజ్ఞతో అదీ ఆగిపోయినది. దాదాపు 5,000 మంది బాలికలకు ఒక్క మోతాదు మాత్రమే అందినది. పరిశోధకులు ఆ పిల్లలను విడిచిపెట్టక సుమారు పదేళ్లు గమనించారు. 16, 18 రకాల వైరస్ శరీరంలో పాతుకొనకుండా ఆపడంలో ఒక్క మోతాదు కూడా నూటికి 95 వంతులు పనిచేసినదని 2021లో ప్రకటించారు. 9 నుండి 20 ఏళ్ల వారికి ఒక్క మోతాదైనా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో అంగీకరించడానికి ఆధారమైన పరిశోధనలలో ఇది ఒకటి. ఆరునెలలలో మూడుసార్లు పని మానుకొని ఆసుపత్రికి రావలసిన తల్లికి ఒక్కసారి వస్తే చాలునన్న మాట ఎంత మేలో, కండెకు ఇంత అని కూలి లెక్కించుకునేవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

టీకాను ఆరోగ్య కేంద్రం శీతలపేటిక దాకా చేర్చడం ప్రభుత్వం పని. ఆ పేటికనుండి పిల్ల భుజానికి చేర్చే పని డాక్టరుది, నర్సుది, ఆశా కార్యకర్తది. దీనిపై అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో 30 చిన్న వైద్యశాలలలో ఒక పరీక్ష జరిపి 2017లో ఫలితం ప్రకటించారు. కొన్ని చోట్ల వైద్యులకు, ‘మీ అమ్మాయికి ఈ వయస్సు వచ్చినది గనుక నేడు ఈ టీకాలు వేయవలసి ఉన్నది’ అని సూటిగా చెప్పడం నేర్పారు. మరికొన్ని చోట్ల, ‘మీరేమంటారు?’ అని చర్చ ఆరంభించడం నేర్పారు. సూటిగా చెప్పినచోట టీకా పొందిన పిల్లల సంఖ్య నూటికి అయిదు వంతులకు పైగా పెరిగినది. చర్చతో మొదలుపెట్టినచోట చెప్పుకోదగిన మార్పు లేదు.

దీనిని చదివినప్పుడు నాకు ఖమ్మం గుర్తుకు వచ్చి కొంత సందేహం కలిగినది. అడగకుండా వేయడం వలన కదా అక్కడ చెడినది! తరువాత ఆలోచించగా తేడా తెలిసినది. కెరొలైనా తల్లి ఎదుట మాట్లాడినది ఆమె పిల్లను ఎప్పుడూ చూస్తూ ఉండే డాక్టరు. తల్లి ఆ గదిలోనే ఉన్నది. వద్దనడానికి ఆమెకు వీలున్నది. ఆమె అడిగితే సమాధానం చెప్పడం కూడా ఆ వైద్యులకు నేర్పారు. ఖమ్మం హాస్టలులో తల్లి లేనే లేదు.

చీరాలవారికి ఈ విషయం నేను బోధించవలసిన పని లేదు. తమ ఇష్టం లేకుండా పురపాలక సంఘం పెట్టి పన్నులు పెంచారని, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరికి ఊరే ఇండ్లు వదలి, రామనగరమని పాకలు వేసుకుని నెలల తరబడి కాపురమున్న ప్రజలు వారు. పారిశుద్ధ్యం మంచిదే, తమను అడగకపోవడమే వారికి కష్టమైనది.

కనుక ధనుర్వాతం సూదికి పదేళ్ల పిల్లను తీసుకువచ్చిన తల్లితో నర్సమ్మ, “అమ్మా, తొమ్మిదేళ్లు దాటిన పిల్లలకు మరొక టీకా ఉన్నది, పెద్దయ్యాక గర్భాశయ క్యాన్సరు రాకుండా కాపాడుతుంది, మన పాపకు వేయించాలి” అని ఆనాడే అనవలె. తల్లి తప్పక రెండు ప్రశ్నలు అడుగుతుంది. పిల్లలు పుట్టకుండా చేస్తుందా అన్నది మొదటిది. అటువంటి హాని ఏదీ కనబడలేదు. ఇంత చిన్నపిల్లకు ఎందుకు అన్నది రెండవది. పెండ్లీడు రాకముందే వేస్తే పూర్తిగా పనిచేస్తుంది గనుక. చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం రావచ్చునని ముందే చెప్పవలె. సూది తరువాత పిల్లను అరగంట సేపు కూర్చుండబెట్టవలె. సూది భయంతో ఒక పిల్ల కళ్లు తిరిగి పడితే, సాయంత్రానికి ఆ వార్త ఊరంతా మరొక రూపంలో తిరుగుతుంది. జపాన్‌లో 2013లో ఇటువంటి భయాల వలననే ప్రభుత్వం సిఫారసు మానుకోగా, నూటికి 70 దాకా ఉన్న టీకా ఒకటికి లోపుగా పడిపోయినది; తిరిగి సిఫారసు చేయడానికి 2022 వరకు పట్టినది.

తరువాత రిజిస్టరు. ఆశా కార్యకర్త వద్ద గర్భిణుల పేర్లు, పసిపిల్లల పేర్లు ఉంటాయి; తొమ్మిదేళ్లు నిండిన ఆడపిల్లల జాబితా కూడా ఒకటి ఉంటే, రానివారెవరో తెలుస్తుంది. మిరపకోతల కాలంలో తల్లులతోపాటు పిల్లలు కూడా పొలాలకు పోతారు. బడికి రాని పిల్లకు బడిలో వేసే టీకా అందదు. కోతలు ముగిసి ఇల్లు చేరిన తరువాత ఆ తలుపు మరొకసారి తట్టవలె. సిక్కింలో 2018లో బడులలో ఉపాధ్యాయుల సహాయంతో, తల్లిదండ్రులకు ముందుగా చెప్పి, నూటికి 97 మంది బాలికలకు టీకా వేయగలిగినారు.

చీరాల తల్లికి ఆనాడు నాకు తెలిసినంత చెప్పాను. నేను రికార్డు చేసే యంత్రం సర్దుకుంటూ ఉండగా ఆమె నెమ్మదిగా, “పాప సంగతి సరే. నాకు ముప్పైయారేళ్లు. నా మాటేమిటి?” అన్నది. టీకా వయస్సు దాటినవారికి పరీక్ష ఉన్నదనీ, ముప్పై ఏళ్లు నిండిన స్త్రీలు అయిదేళ్లకొకసారి చేయించుకోవలెననీ, మచ్చ మొదట్లోనే కనబడితే క్యాన్సరు కాకముందే తీసివేయవచ్చుననీ చెప్పాను. అది కూడా ఆమెతో ఎవరూ అనలేదట. బుధవారం కూతురిని తీసుకుని తానూ వెళతానని చెప్పి, రాట్నం మళ్లీ తిప్పసాగినది.