నేల కింద చప్పుడు



సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి వచ్చారు. ఇవాళ భూకంపం సంగతి మాట్లాడుకుందాం.

2020 జనవరి 26. తెల్లవారితే జెండా పండుగ. రాత్రి 2 గంటల 37 నిమిషాలకు పులిచింతల ప్రాజెక్టు దగ్గర, చింతలపాలెం మండలం వైపు నేల కదిలింది. తీవ్రత సుమారు 4.6. సూర్యాపేట, కోదాడలోనే కాదు, కృష్ణ అవతల గుంటూరు దిక్కు కూడా తెలిసింది.

అది ఒక్కటే కాదు. ఆ రోజుల్లో దొండపాడు, వెల్లటూరు పల్లెల్లో చిన్న చిన్న అదుర్లు మళ్లీ మళ్లీ వచ్చాయి. మేళ్లచెరువు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. చప్పుడైతే ఎవరైనా క్వారీలో తోటాలు పేల్చారనే అనుకుంటారు. కానీ ఇది నేల లోపలి చప్పుడు. హైదరాబాదు నుంచి ఎన్జీఆర్ఐ శాస్త్రవేత్తలు వచ్చి యంత్రాలు పెట్టి లెక్క తీశారు. మనిషికి తెలియని అదురు కూడా ఆ యంత్రానికి తెలుస్తుంది. ఇట్ల ఒకేచోట గుంపుగా వచ్చేవాటిని గుంపు భూకంపాలు అనవచ్చు.

నేల ఎందుకు కదులుతుంది? భూమి పైపొర ఒకటే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. మన దేశం ఉన్న పలక ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లు జరుగుతుంది. మన గోరు పెరిగినంత నెమ్మదిగా అన్నమాట. అండమాన్, సుమత్రా దీవుల దగ్గర సముద్రం అడుగున ఇది ఇంకో పలక కిందికి దూరుతుంది. ఒక చాప అంచు ఇంకో చాప కిందికి పోయినట్లు. పోతూ పోతూ ఇరుక్కుంటుంది. ఏండ్ల తరబడి బిగుసుకొని, ఒక్కసారి జారుతుంది.

2004 డిసెంబరు 26న అట్లనే జారింది. తీవ్రత 9.1. సునామీ లేచి మన కోస్తా దాకా వచ్చింది. ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా చనిపోయారు. నెల రోజులకు, 2005 జనవరిలో, నికోబార్ దగ్గర సముద్రంలో గుంపు భూకంపాలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే 5 దాటినవి వంద పైచిలుకు.

మనం ఆ అంచున లేము. పలక నడిమధ్యన ఉన్నాం. అందుకని అంత పెద్దవి ఇక్కడ రావు. కానీ మన కింది బండ చాలా పాతది. దానిలో పాత పగుళ్లున్నాయి. పలక అంచుల దగ్గర ఒత్తిడి పుడితే ఆ పగుళ్ల దాకా వస్తుంది. 2024 డిసెంబరు 4న పొద్దున ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది కూడా ఇట్లాంటిదే. పెద్ద ఆనకట్టలో నీళ్లు నిండితే ఆ బరువుకు, లోపలికి ఇంకే నీటికి పగులు కదలవచ్చు. మహారాష్ట్రలో కొయినా దగ్గర 1967లో అట్ల జరిగింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. చిన్నవి గుంపుగా వస్తే వెనక పెద్దది వస్తుందా? చాలాసార్లు రాదు. వాటంతట అవే తగ్గిపోతాయి. కానీ ఎప్పుడూ రాదని చెప్పలేం. కిల్లారి సంగతి వినండి. అది మహారాష్ట్రలో, లాతూరు జిల్లాలో ఉంది. అక్కడ 1992లో ఇట్లనే చిన్న అదుర్లు వచ్చాయి, తగ్గాయి. 1993 సెప్టెంబరు 30. ముందురోజు వినాయకుల నిమజ్జనం. అలసి పడుకున్నారు జనం. తెల్లవారుజామున 6.2 తీవ్రతతో నేల కదిలింది. పదివేల మంది దాకా పోయారు.

4.6కు, 6.2కు తేడా ఎంత అనిపిస్తుంది? బలంలో రెండు వందల రెట్లకు పైగా తేడా. అయినా చంపింది నేల కాదు, గోడ. లావుపాటి రాళ్ల గోడలు, నడుమ మట్టి, నెత్తిన మట్టి మిద్దె. లోపలి వరస లోపలికి, బయటి వరస బయటికి విరిగిపడ్డాయి. మన పల్లెల్లోనూ మట్టితో కట్టిన రాతి గోడలు ఎన్ని లేవు?

"ఫలానా రాత్రి వస్తదట" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. దినం, గడియ చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలోనే లేరు. ఆ మాట విని చలిలో పసిపిల్లలతో బయట పడుకుంటే జ్వరాలు వస్తాయి. దానికన్నా గోడ చూసుకోండి. కొత్తగా కట్టేటప్పుడు రెండు వరసలను కలిపే పొడుగు రాళ్లు పెట్టమని మేస్త్రీని అడగండి. దర్వాజల పైన, ఇల్లు చుట్టూ, ఇనుప కడ్డీలేసి సిమెంటు పట్టీ పోయించండి. పట్టీకి ఖర్చు దండగ అంటాడు మేస్త్రీ. వినకండి.

ఇది రేపే కాదు. ఈ రాత్రికి చేసేది ఒకటుంది. పిల్లలు పడుకునే చోట నెత్తిన అటక ఉందా? దానిమీద గుండిగలు, రోకళ్లు ఉన్నాయా? దించండి. పగిలిన గోడ పక్కన మంచం ఉంటే జరపండి. అదిరినప్పుడు వాకిలి దగ్గరుంటే బయట ఖాళీ జాగాకు పోవాలె. లోపలుంటే గట్టి బల్ల కిందికి దూరి తల కాపాడుకోవాలె. బయటికొచ్చాక గోడకు, కరెంటు స్తంభానికి ఎడంగా నిలబడాలె.

నా మాట అయింది. ఇప్పుడు మీ ఇండ్ల గోడలు ఎట్లున్నాయో ఒక్కొక్కరూ చెప్పండి. ముందు చింతలపాలెం దిక్కువాళ్లు మొదలుపెట్టండి.