సముద్రం అడుగున ఏముంది?

(బషీర్‌బాగ్‌లో చదువు కేంద్రం మహిళలతో చెప్పిన మాటలు)

 

మనం ఉన్నది బషీర్‌బాగ్‌లో. ఇక్కడికి సముద్రం చాలా దూరం. "సముద్రం అడుగు సంగతి మనకెందుకమ్మా?" అని మీరు అడగవచ్చు. చెబుతాను, వినండి.

మనకు దగ్గరలోనే హుస్సేన్ సాగర్ ఉంది. 1990లో బుద్ధుడి విగ్రహాన్ని తీసుకుపోతుంటే అందులో మునిగిపోయింది. కొందరి ప్రాణాలు పోయాయి. విగ్రహాన్ని పైకి తీసి నిలబెట్టేసరికి 1992 వచ్చింది. ఊరి మధ్య చెరువులోనే నీటి అడుగున పని ఇంత కష్టం. ఇక సముద్రం సంగతి చెప్పాలా?

సముద్రం అడుగు చదునుగా ఉండదు. అక్కడా కొండలున్నాయి, లోయలున్నాయి. బురద, ఇసుక, రాయి ఉన్నాయి. కృష్ణా, గోదావరి నదులు మోసుకుపోయిన మట్టి బంగాళాఖాతంలో పొరలు పొరలుగా పేరుకుంది. ఆ పొరల్లో గ్యాసు, చమురు ఉన్నాయి.

కంటికి కనబడని లోతును ఎలా కొలుస్తారు? పూర్వం తాడుకు బరువు కట్టి వదిలేవారు, బావిలోకి చేద వదిలినట్టు. ఇప్పుడు ఓడ నుంచి శబ్దం పంపుతారు. అది అడుగును తాకి తిరిగి వస్తుంది. శబ్దం నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. పోయి రావడానికి 2 సెకన్లు పట్టిందనుకోండి. పోవడానికి 1, రావడానికి 1. అంటే లోతు 1500 మీటర్లు. మీకు వచ్చిన లెక్కే కదా! మన దేశంలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఈ పని చేస్తోంది. దానికి సముద్ర రత్నాకర్ అనే ఓడ ఉంది.

అమెరికాలో మారీ థార్ప్ అనే ఆమె ఉండేది. 1950ల్లో అట్లాంటిక్ సముద్రం అడుగు పటం గీసింది. అప్పట్లో ఆడవాళ్లను పరిశోధన ఓడ ఎక్కనిచ్చేవారు కాదు. మగవాళ్లు తెచ్చిన అంకెలు ముందేసుకుని ఒడ్డునే కూర్చుని గీసింది. సముద్రం నడుమ కొండల వరుసలో పొడుగాటి లోయ ఉందని కనిపెట్టింది. తోటి శాస్త్రవేత్త "ఆడవాళ్ల కబుర్లు" అని కొట్టిపారేశాడు. చివరికి ఆమె మాటే నిజమైంది. ఆ అంకెలు ఆమె చేతికి ఇవ్వకపోతే? ఆ లోయ సంగతి ఇంకెన్నాళ్లకు తెలిసేదో!

ఇప్పుడు ప్రాణాల సంగతి. 2004 డిసెంబరు 26 ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కంపించింది. సునామీ అల మన తీరం చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత సమయం ఉన్నా తీరంలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక కేంద్రమే లేదు. మన దేశంలో వేలమంది చనిపోయారు.

సునామీ అల లోతు నీటిలో విమానమంత వేగంగా పోతుంది. లోతు తగ్గితే వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. ఏ ఊరికి ఎప్పుడు వస్తుందో చెప్పాలంటే అడుగు పటం కావాలి.

2007 నుంచి మనకు హెచ్చరిక కేంద్రం ఉంది. ఎక్కడో కాదు, మన హైదరాబాదు ప్రగతినగర్‌లోనే! ఇన్‌కాయిస్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. చుట్టుపక్కల దేశాలకు కూడా కబురు పంపుతుంది. వాళ్ల అంకెలు మనకు రావాలి, మన అంకెలు వాళ్లకు పోవాలి. పక్కింటికి నిప్పంటుకుంటే తలుపేసుకుని కూర్చుంటామా?

అయినా ప్రపంచ సముద్రాల అడుగులో సరిగా కొలిచింది పావు వంతుకు కాస్త ఎక్కువే. కొన్ని దేశాలు భద్రత కోసం అంకెలు దాచుకుంటాయి. కొన్ని కంపెనీలు లాభం కోసం దాచుకుంటాయి.

ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్లు కూడా చెబుతుంది. ఏ దిక్కు, ఎంత దూరం, ఎంత లోతు అని తెలుగులోనే ఇస్తుంది. కానీ చదవలేని ఇంటికి ఆ కబురు అందినా అందనట్టే.

అందుకే మీ చదువు మీ ఒక్కరిదే కాదు. తీరంలో మీ చుట్టాలుంటే ఈ మాట చెప్పండి. ఒడ్డున భూమి గట్టిగా కంపించినా, సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోయినా, చూస్తూ నిలబడవద్దు. పిల్లలను తీసుకుని ఎత్తైన చోటికి పోవాలి. తెలిసింది నలుగురికీ చెబితే, నాలుగిళ్లు నిలుస్తాయి.