మందులకు లొంగని క్రిములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



మందు వాడినను రోగము తగ్గనిచో, "ఆ మందుకు ఒళ్లు అలవాటు పడిపోయింది" అని ఊళ్లలో అనుకొనుట కలదు. ఆ మాట సరియైనది కాదు. అలవాటు పడినది ఒళ్లు కాదు, ఒంటిలోని క్రిమి. ఈ భేదము చిన్నదిగా తోచినను అసలు విషయమంతయు దీనియందే ఇమిడియున్నది. ఒళ్లు అలవాటు పడినచో నష్టము ఆ ఒక్కనిదే. క్రిమి అలవాటు పడినచో అది ఇంటింటికి ప్రాకును, నష్టము ఊరందరిది.

క్రిములను చంపు యాంటీబయాటిక్ మందులలో పెక్కింటికి పుట్టినిల్లు మట్టియే. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వము వహించుచున్న కాలమున, అచ్చటనే పనిచేయుచుండిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రవేత్త 1945లో మిస్సోరీ రాష్ట్రపు పొలము మట్టినుండి ఒక సూక్ష్మజీవిని వేరుచేసెను. దానినుండి లభించిన మందే ఆరియోమైసిన్. 1948లో లోకమునకు వెల్లడియైన ఈ ఔషధము టెట్రాసైక్లిన్ కుటుంబములో మొదటిది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు పరమపదించిరి.

ఇచట ఒక ప్రశ్న పుట్టును. ఇతర క్రిములను చంపు విషమును తయారుచేయు ఆ జీవి తన విషమునకు తానే ఏల చావదు? విషముతోపాటు దానికి విరుగుడును అది తనలోనే ఉంచుకొనును. ఆ విరుగుడు విధానము దాని జన్యువులలో వ్రాయబడియుండును. అట్టి వానికే నిరోధక జన్యువులని పేరు. ఇవి పలు విధములుగా పనిచేయును. కొన్ని మందును ముక్కలుచేయు పదార్థమును పుట్టించును. కొన్ని లోనికి వచ్చిన మందును వెలుపలికి తోడివేయును. మరికొన్ని మందు తగులవలసిన చోటునే మార్చివేయును. కెనడాలోని యూకాన్ ప్రాంతమున 30,000 సంవత్సరములుగా గడ్డకట్టియున్న నేలలో గూడ ఇట్టి జన్యువులున్నట్లు 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కావున నిరోధశక్తిని మానవుడు సృష్టింపలేదు. మట్టిలో అణగియున్న దానిని పెంచి, లోకమంతట వెదజల్లినవాడు మాత్రము అతడే.

పెరుగుట యెట్లన్నది పత్తి రైతునకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఒకే పురుగుమందును మాటిమాటికి కొట్టగా శనగపచ్చ పురుగులలో లొంగునవి చచ్చి, లొంగనివే మిగిలి చేనంతయు నిండుట అతడు చూచినదే. క్రిముల సంగతియు అట్టిదే. అయితే క్రిములకు మరియొక విద్య గలదు. జపానులో 1950 తరువాత ప్రబలిన రక్తవిరేచనముల క్రిములలో కొన్ని ఒకేసారి నాలుగు మందులకు లొంగక నిలిచినవి. ప్రేగులలో నుండు వేరొక జాతి క్రిమినుండి ఆ శక్తి వానికి సంక్రమింపగలదని 1959లో అచటి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. గ్రంథాలయములోని పుస్తకము చేతులు మారినట్లు ఈ జన్యువులు ఒక క్రిమినుండి వేరొక క్రిమికి చేరును. పుస్తకమిచ్చినవాని యొద్ద మరల పుస్తకముండదు. క్రిమి మాత్రము తన ప్రతిని ఉంచుకొని నకలును ఇచ్చును. మురుగు కాలువలోని నిరపాయమైన క్రిమినుండి రోగకారియైన క్రిమికి గూడ ఈ విద్య అందవచ్చును.

అందుచేతనే చెరువును, కాలువయు ఈ కథలోనికి వచ్చినవి. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు వద్ద, మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేసి వదలిన నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు ఉన్నట్లు 2007లో వెల్లడియయ్యెను. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో నుండుదానికంటె ఇది అధికము. ఆ ప్రాంతపు కాజీపల్లి చెరువులోని నిరోధక జన్యువులు స్వీడను దేశపు ఒక సరస్సుతో పోల్చగా సుమారు 7,000 రెట్లు మిక్కుటముగా నున్నట్లు 2014లో ప్రకటింపబడెను.

కోళ్ల మేతలోను ఇట్టి ప్రమాదమే దాగియుండెను. తక్కిన మందులు పనిచేయనప్పుడు ప్రాణము నిలుపుటకు వైద్యులు దాచియుంచుకొను ఔషధము కొలిస్టిన్. దానిని ఓడించుచు, ఒక క్రిమినుండి వేరొక క్రిమికి ప్రాకగల జన్యువును 2015లో చైనాలో కనుగొనిరి. పందులలోను, మాంసములోను, రోగులలోను అది కనబడెను. 2019లో భారత ప్రభుత్వము కోళ్లకు, పశువులకు, చేపలకు కొలిస్టిన్ వాడుటను నిషేధించెను. ఆ 2019వ సంవత్సరముననే మందులకు లొంగని క్రిముల మూలమున ప్రపంచమున 12 లక్షల 70 వేల మంది మరణించిరని శాస్త్రజ్ఞుల అంచనా. మందు పనిచేయనిచో పురిటి జ్వరమును, శస్త్రచికిత్స గాయమును మరల ప్రాణాంతకములగును.

కర్మాగారముల మురుగును అరికట్టుట ప్రభుత్వము చేయవలసిన పని. దానిని అడుగుట ప్రజల హక్కు. గ్రామస్థుల చేతిలోని పనులును కొన్ని కలవు. జలుబునకు, సామాన్యమైన పడిసెపు జ్వరమునకు కారణము వైరస్. దానిపై యాంటీబయాటిక్ పనిచేయదు. మాత్రల అట్టపై నిలువున ఎర్రగీత యున్నచో, వైద్యుడు వ్రాసి యియ్యనిదే వాడరాదు. వాడునప్పుడు ఆయన చెప్పిన మోతాదున, చెప్పినన్ని దినములు వాడవలెను. ఒకరికి మిగిలిన మాత్రలను మరియొకరికి ఈయరాదు, కాలువలో పారవేయరాదు. కోళ్లకు, రొయ్యల చెరువులకు తోచిన మందు వేయుట మానవలెను. అన్నిటికంటె ముఖ్యము రోగమే రాకుండ చూచుకొనుట: మరుగుదొడ్డి, శుభ్రమైన నీరు, చేతులు కడుగుకొను అలవాటు, సకాలమున టీకాలు. రోగము తగ్గినకొలది మందు వాడకము తగ్గును; మందు వాడకము తగ్గినకొలది క్రిముల బలమును తగ్గును.

ఒక్క యింటివారు జాగ్రత్తపడిన చాలదు. నీరు అందరిది, గాలి అందరిది. గ్రంథాలయమునకు వచ్చు ప్రతి చదువరియు ఈ సంగతిని ఇంటిలోని చదువెరుగని పెద్దలకు ఒక్కమారు విడమరచి చెప్పినచో, ఈ రజతోత్సవ సమయమున అది ఊరికి చేసిన గొప్ప సేవ కాగలదు.