ఆవిరి కుడుమూ, వీధి అంగడీ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగ పూట బొబ్బట్ల గురించో, ఉగాది పచ్చడి గురించో మాట్లాడక, వీధి మూల ఇడ్లీ అంగడి గురించి మాట్లాడటమేమని కొందరికి తోచవచ్చు. కాని కోయంబత్తూరులో గాని, మధురలో గాని మన వీధులు తెల్లవారేది ఆ అంగడి పొయ్యితోనే గదా! అందుచేత ఈ నాలుగు మాటలు.

మలేషియాలో స్థిరపడిన మన తెలుగువారికి ‘పావ్’ అనే పలహారం బాగా తెలుసు. అది చైనావారి ఆవిరి రొట్టె. గోధుమపిండిని పులియబెట్టి, ఉండలు చేసి, వెదురు బుట్టలలో పేర్చి ఆవిరి మీద ఉడికిస్తారు. లోపల ఏమీ పెట్టనిది మాంటౌ. కూర పెట్టినది బావోజి. ఉత్తర చైనాలో మాంటౌ మనకు అన్నం వంటిది. దానికీ మన ఇడ్లీకీ పోలిక వున్నది. రెండింటికీ పిండి పులియవలె, ఆవిరి తగలవలె. అక్కడ పొంగును నిలిపేది గోధుమపిండి జిగురు. ఇక్కడ మినప్పప్పు జిగురు. మినప్పప్పు తగ్గించి బియ్యం పెంచితే ఇడ్లీ రాయి అవుతుందని మన ఇల్లాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు.

ఇడ్లీ ఎవరి సొత్తు అని వాదించేవారున్నారు. క్రీ.శ. 920 ప్రాంతపు కన్నడ గ్రంథం ‘వడ్డారాధనె’లో ‘ఇడ్డలిగె’ అన్న పేరు కనిపిస్తుంది. 1130 ప్రాంతంలో చాళుక్య సోమేశ్వరుడు సంస్కృతంలో రచించిన ‘మానసోల్లాసము’లో అది ‘ఇడ్డరిక’. ఆ పాత వర్ణనలలో మినప్పప్పే గాని బియ్యం లేదని ఆహార చరిత్ర వ్రాసిన కె.టి. అచయ గమనించినారు. ఆవిరి మీద వండే విద్య ఇండోనీషియా నుండి వచ్చి వుండవచ్చునని కూడా ఆయన ఊహించినారు. అది ఊహ మాత్రమే. అందరూ ఒప్పుకొన్నది కాదు. అయితే బియ్యం లేకుండా, కేవలం మినపపిండితో చేసే వంటకం మన ఇళ్ళలో వున్నది. అదే ఆవిరి కుడుము. మన పెద్దలు గిన్నెకు వాసెన కట్టి, గుడ్డ మీద పిండి పోసి ఉడికించేవారు. అది చేయగలవారు మన ఇళ్ళలో ఇంకా ఎందరున్నారో లెక్క చూచుకోవలె.

మధురలో నాయకరాజుల పాలన 1529 ప్రాంతంలో మొదలై 1736 వరకు సాగింది. ఆ కాలంలో ఎన్నో తెలుగు కుటుంబాలు ఈ దక్షిణాదికి తరలివచ్చినవి. కోయంబత్తూరు నల్లరేగడిలో మనవారు పత్తి పండించినారు. వచ్చినచోటి బియ్యాన్ని బట్టి వంట మారింది. ఆంధ్రదేశంలో మినపపిండిలో బియ్యపు రవ్వ కలుపుతారు. ఇక్కడ ఉప్పుడు బియ్యం నానబెట్టి రుబ్బుతారు. అక్కడి నుండి వచ్చిన కొత్త కోడలు రవ్వ ఎక్కడని అడిగితే, అత్తగారు బియ్యం నానబోసిన గిన్నె చూపుతుంది. ఇందులో ఎవరిదీ తప్పు లేదు.

అంగడి నడిపే ఆమె కష్టం వేరు. పగలు పప్పు నానవలె, సాయంత్రం రుబ్బవలె, రాత్రి పిండి పులియవలె, తెల్లవారుజామున పొయ్యి రాజేయవలె. 1955లో కోయంబత్తూరులో పి. సభాపతి అనే ఆయన కరెంటుతో తిరిగే రుబ్బురోలు తయారుచేసినారు. తరువాత ఆ యంత్రానికి ఈ వూరి పేరుతోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానితో ఎందరో ఆడవారి భుజాల నొప్పి తగ్గింది.

అయినా అంగడి నిలిచేది యంత్రం వల్ల మాత్రమే కాదు. కోయంబత్తూరు దగ్గర వడివేలంపాళయంలో కమలాత్తాళ్ అనే వృద్ధురాలి సంగతి 2019లో దేశమంతా తెలిసింది. ఎనభై ఏళ్ళు దాటిన ఆమె కట్టెల పొయ్యి మీద వండి, ఇడ్లీ ఒక్క రూపాయికే అమ్మేది. కూలి చేసుకొనేవారు కడుపు నిండా తినవలెనన్నదే ఆమె పట్టుదల. 2022లో ఆనంద్ మహీంద్రా ఆమెకు ఇల్లు కట్టించి ఇచ్చినారు. ఆమె తమిళురాలైనా, ఆ గుణానికి భాష అడ్డమా?

ఇక అసలు సంగతి. 2006 నాటి చట్టం తరువాత ఈ రాష్ట్రంలో తమిళం మొదటి తరగతి నుండి తప్పనిసరి అయింది. ఇక్కడ బ్రతికేవారికి తమిళం రావలసిందే. అది మనకు అన్నం పెట్టిన భాష. కాని బడిలో తెలుగు చదవని పిల్లలకు తెలుగు మిగిలేది ఇంట్లోనే. ఇంట్లో అది ఎక్కువగా మిగిలేది వంటగదిలోనే. అంగట్లో ‘మావు’ అన్న పిల్లవాడు ఇంటికి వచ్చి ‘పిండి’ అనవలె. ‘ఆట్టుకల్లు’ తెలిసినవానికి ‘రుబ్బురోలు’ కూడా తెలియవలె. ఈ మాటలు ఒకసారి జారిపోతే పుస్తకం చూచి తెచ్చుకోవటం కష్టం.

కాబట్టి ఈ ఉగాదికి మీకు నా మనవి రెండే. వీధి అంగడి ఆమె దగ్గర అర్ధరూపాయికి, రూపాయికి బేరమాడకండి. ఏడాదికి ఒక్కనాడైనా మీ ఇంట ఆవిరి కుడుము వండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని, దాని పేరూ, చేసే విధమూ తెలుగులో చెప్పండి. అవ్వలున్న ఇళ్ళవారు ఆలస్యం చేయకండి.