చటాయీ నేర్పిన పాఠం

(సంఘం వార్షిక సభలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను ఉర్దూ మీడియం పంతుల్ని. తెలుగులో ఉపన్యాసమంటే కొంచెం జంకుగానే ఉంది. మాటల్లో తప్పులుంటే మన్నించండి. పెద్ద పెద్ద సిద్ధాంతాలు నాకు రావు. అందుచేత మనందరికీ తెలిసిన ఒక వస్తువు గురించి చెబుతాను. అదే చాప, మన చటాయీ.

చాపను తక్కువగా చూడకండి. ప్రవక్త ముహమ్మద్ (స) చాప మీద పడుకొని లేచినప్పుడు దాని అచ్చులు ఆయన శరీరం మీద కనిపించాయనీ, అది చూసి హజ్రత్ ఉమర్ (రజి) కన్నీరు పెట్టుకున్నారనీ హదీసుల్లో చదువుకున్నాం. మక్తబ్‌లో మనలో చాలామందిమి అలిఫ్, బే నేర్చుకున్నది కూడా చాప మీద కూర్చునే కదా! అయితే చాప మీద కూర్చుని చదువుకున్న నేను, చాప నుంచి కూడా చదువు నేర్చుకోవచ్చునని నిరుడు గాని తెలుసుకోలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నిరుడు మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక ప్రాజెక్టు పని ఇచ్చాను. మన ఊళ్లో కనుమరుగైన ఒక వృత్తి గురించి విచారించి రాసుకురమ్మన్నాను. ఒక అబ్బాయి ఇరవై పేజీలు తెచ్చాడు. నెట్ సెంటరులో తీయించిన రంగుల బొమ్మలు, పైన అట్ట, పక్కన స్పైరల్ బైండింగు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పూర్తి మార్కులు వేసేశాను. ఒక అమ్మాయి మాత్రం రూళ్ల కాగితాలు నాలుగే తెచ్చింది. వాళ్లింట్లో ఒకప్పుడు తుంగ చాపలు నేసేవారు. ఆ పని ఎందుకు ఆగిపోయిందని వాళ్ల దాదీని అడిగితే, "ప్లాస్టిక్ చాపలొచ్చి మా నోట మట్టికొట్టాయి" అందట. సంతలో చాపలమ్మిన ఒక పెద్దాయన్ని అడిగితే, "ప్లాస్టిక్ తర్వాత సంగతమ్మా, అసలు మన చెరువులో తుంగే లేకుండా పోయింది" అన్నాడట. ఆ పిల్ల ఇద్దరి మాటా రాసి వదిలేసింది. నేను ఎర్ర సిరాతో "ఏది నిజమో తేల్చలేదు, అసంపూర్తి" అని రాసి సగం మార్కులు వేశాను.

మర్నాడు ఆ పిల్ల వచ్చి, "సార్, ఇద్దరూ అబద్ధం చెప్పేవాళ్లు కాదు. ఒకరి మాట కొట్టేసి ఉంటే మార్కులు వేసేవారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాత అబ్బాయిని పిలిచి, వాడి మూడో పేజీలోని ఒక మాటకు అర్థమడిగాను. వాడికి తెలియదు. తాను రాసింది తానే చదవలేదు.

వారం తిరక్కుండా ఇంకొక కబురు తెలిసింది. ఆ అమ్మాయిని పదో తరగతితో మాన్పించేస్తామని వాళ్ల నాన్న అంటున్నాడట. ఎందుకయ్యా అంటే, "మార్కులు కూడా రావడం లేదు కదా సార్" అన్నాడు. చూశారా! నా ఎర్ర సిరానే ఆయన సాక్ష్యంగా చూపిస్తున్నాడు. ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను.

ఆ దాదీ పాత మగ్గం ఇంకా దాచుకుంది. నేలమీద వేసే మగ్గం. నేను వచ్చిన పని చెబితే ఆమె జవాబివ్వకుండా, "కూర్చో సాబ్, చూడు" అని ఇంట్లో మిగిలిన గుప్పెడు తుంగతో నేసి చూపించింది. నేను ట్రైనింగులో నేర్వని పాఠం ఆ గంటలో నేర్చుకున్నాను.

మొదటి సంగతి. కోసిన తుంగ కోసినట్టే మగ్గమెక్కదు. ఏరాలి, చీల్చాలి, ఎండబెట్టాలి, నేసే ముందు తడపాలి. పచ్చి తుంగతో నేస్తే ఎండిన తర్వాత సందులు పడతాయి. తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా పత్తమడై అనే ఊళ్లో మన ముస్లిం కుటుంబాలు నేసే చాపలు బట్టలాగా మడత పడతాయి. ఆ సన్నదనం ఊరికే రాలేదు. కోరగడ్డిని సన్నగా చీల్చి, రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి అప్పుడు నేస్తారు. ఈనాడు ఫోనులో ఒక్క మాట అడిగితే పది పేజీలు వచ్చి పడుతున్నాయి. అదంతా పచ్చి తుంగ. పిల్లవాడి బుర్రలో నానాలి, వాడి సొంత మాటల్లోకి చీలాలి. అప్పుడు గాని పనికిరాదు.

రెండోది పడుగు. దారాలు బిగించి కట్టనిదే తుంగ ఎంత ఉన్నా అది మోపే గాని చాప కాదు. పరిశోధనకు పడుగు ఏమిటంటే, ప్రశ్న. "చాపల గురించి రాయి" అంటే పడుగు కట్టనట్టే. "మన ఊళ్లో చాపల నేత ఎందుకు ఆగింది?" అంటే పడుగు కట్టినట్టు. ఆ అబ్బాయికి మోపు ఉంది, పడుగు లేదు. అమ్మాయికి తుంగ కొంచెమే, కాని పడుగు బిగువుగా ఉంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. తుంగ పుల్లకు మొదలు లావు, కొస సన్నం. దాదీ ఒక పుల్ల మొదలు కుడివైపు పెడితే, రెండో పుల్ల మొదలు ఎడమవైపు పెడుతోంది. ఎందుకమ్మా అంటే, "అన్నీ ఒకే వైపు పెడితే చాప ఒక పక్క పెరిగి వంకర పోతుంది బాబూ" అంది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఆ పిల్ల తెచ్చిన రెండు సాక్ష్యాలూ ఈ రెండు పుల్లలే కదా! ఒకటి నేసేవారి వైపు నుంచి, ఇంకొకటి అమ్మేవారి వైపు నుంచి. ఒకదాన్ని పారేయమన్నాను నేను. చాప వంకర చెయ్యమన్నది నేనే!

నాలుగోది. ప్రతి పుల్లకూ ఒకసారి కొయ్య అచ్చుతో దగ్గరికి కొట్టాలి. అంటే ప్రతి మాటకూ "ఎప్పుడు? ఎలా తెలుసు?" అని అడగాలి. అక్కడే కూర్చుని ఆ పిల్లతో అన్నాను: "ఏది నిజమని కాదమ్మా, ఏది ముందు, ఏది వెనక అని అడుగు." దాదీకి సంవత్సరాలు గుర్తులేవు, పెళ్లిళ్లు గుర్తున్నాయి. పెద్ద కూతురి పెళ్లికి మన చెరువు తుంగతోనే చాపలు నేసిందట. రెండో కూతురి పెళ్లికి తుంగ కట్టలు బయటినుంచి కొనుక్కురావలసి వచ్చింది. ఇంట్లోకి ప్లాస్టిక్ చాప వచ్చింది ఆ తర్వాతే. పిల్ల వెళ్లి పెట్టెలోంచి ఇద్దరి నికానామాలు తీసింది. వాటి మీద తేదీలున్నాయి! మధ్య ఏడేళ్లు. ఆ ఏడేళ్లలోనే తుంగ పోయింది, ఖర్చు పెరిగింది. ఆ తర్వాత చవక ప్లాస్టిక్ వచ్చి, అప్పటికే తూలుతున్న దాన్ని పడగొట్టింది. ఇద్దరి మాటా నిజమే. ఈ సంగతి ఏ ఇంటర్నెట్టులోనూ లేదు.

చివరిది అంచు. అంచు కట్టని చాప నాలుగు రోజుల్లో విడిపోతుంది. ఎవరు చెప్పారు, ఎక్కడ చదివాను అని రాయడమే పరిశోధనకు అంచు. ఇది మనకు కొత్త కాదు. ఎవరైనా వార్త తెస్తే విచారించి నిర్ధారించుకోవాలని ఖుర్ఆన్ 49వ సూరాలో ఆదేశముంది. ఇమామ్ బుఖారీ (810–870) హదీసులు సేకరించడానికి ఊరూరా తిరిగారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారు, వారు నమ్మదగినవారా కాదా అని సనద్ చూడకుండా ఏదీ తీసుకోలేదు. ఉర్దూలో పరిశోధనను తహ్‌ఖీఖ్ అంటాం. అందులో ఉన్నది హఖ్, అంటే సత్యం. తెలుగు శోధనలో వెదకడంతోబాటు శుద్ధి చేయడం కూడా ఉంది. రెండు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి. న్యూజిలాండులో చిన్నపిల్లల చదువుకు 1996లో తయారుచేసిన పాఠ్యప్రణాళికకు "తె ఫారికి" అని పేరు పెట్టారు. మావోరీ భాషలో నేసిన చాప అని అర్థం. అంత దూరంలోనూ చదువుకు చాపనే పోలిక తెచ్చుకున్నారు.

ఆ అమ్మాయి మార్కులు దిద్దాను. తరగతిలో అందరి ముందూ నా తప్పు ఒప్పుకున్నాను. స్పైరల్ బైండింగు అబ్బాయిని మళ్లీ పంపాను. వాడు ఈసారి తన నానా చేసిన కళాయి పని గురించి రెండే పేజీలు రాసుకొచ్చాడు. రెండూ వాడివే. ఇక అమ్మాయి నాన్న మాటంటారా, ఇంకా మాటివ్వలేదు. "చూద్దాం సార్" అన్నాడు. "మాన్పిస్తాం" నుంచి "చూద్దాం" దాకా వచ్చాడు. అల్‌హమ్దులిల్లాహ్, ప్రయత్నం వదలను.

సంఘం పెద్దలకు నా మనవి రెండే. మీరు ఇస్తున్న నోటు పుస్తకాలు, ఫీజుల సాయం గొప్పవే. వాటికి తోడు ఈ హాల్లోనే అసర్ నుంచి ఇషా వరకు ఒక చదువుల గది తెరవండి. ఒక మంచి ఉర్దూ నిఘంటువు, ఒక తెలుగు నిఘంటువు, నాలుగు దినపత్రికలు, నాలుగు చాపలు చాలు. రెండోది, వారానికొక రోజు మన వృత్తుల పెద్దల్ని అక్కడికి పిలవండి. కళాయివారు, దర్జీలు, చాపలు నేసినవారు, ఎవరైనా సరే. పిల్లలు అడుగుతారు, రాసుకుంటారు. ఆ పెద్దలతో పాటే ఎన్నో పుస్తకాలు ఖబరస్తానుకు వెళ్లిపోతున్నాయి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లవాడు ఏదైనా కొత్త సంగతి చెబితే వెంటనే శభాష్ అనకండి. "నీకెవరు చెప్పార్రా? ఇంకొకరిని అడిగావా?" అనండి. అడిగి వచ్చాక శభాష్ అనండి.